మా మగ్గం మీద తెల్ల పడుగు

మా అక్క బాప్తిస్మం తీసుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలీదు, నాయనకు తెలీదు, అవ్వకు అసలే తెలీదు. రోజూ డైరీ రాసే నేను ఆ ఆదివారం పేజీలో "ఎండ ఎక్కువ. రైలు లేటు" అని మాత్రం రాసి మూసేశాను.

ఆ రోజు ధర్మవరంలో పొద్దుటి రైలెక్కి పెనుకొండలో దిగాను. కొండ కింద ఎవరిదో వేరుశనగ చేను. చేలో బోరు, బోరు ముందు పెద్ద సిమెంటు తొట్టి. మనిషి నిలబడితే నీళ్ళు నడుము దాకా వస్తాయి. పాస్టరు గారు చొక్కా చేతులు పైకి మడిచి అందులో నిలబడి ఉన్నాడు. గట్టు మీద కొందరు ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. మా అక్కను చేసుకోబోయే అబ్బాయి వాళ్ళమ్మ పక్కన తల వంచుకుని ఉన్నాడు. అక్క పెనుకొండలో ఒక ఆసుపత్రిలో నర్సు, అతను అక్కడే ల్యాబులో పనిచేస్తాడు. నేను వాళ్ళందరి వెనక, అక్క తువ్వాలూ పొడిబట్టలూ ఫోనూ గుండెకు హత్తుకుని నిలబడ్డాను. నలుగురిలోకి పోవాలంటే నాకు చిన్నప్పటి నుంచీ కాళ్ళు రావు.

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆ వారమే, ఒకప్పుడు ఫ్రాన్సును ఏలిన ఫ్రాంకుల రాజు బాప్తిస్మం గురించి పాఠం చెప్పాను. భార్య క్రైస్తవురాలు, తను కాదు. యుద్ధంలో ఓడిపోయేలా ఉన్నప్పుడు భార్య కొలిచే దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచాడు. వచ్చి నీళ్ళలో మునిగాడు, ఆయనతో పాటు వేలమంది సైనికులూ మునిగారు. బోర్డు మీద దీన్ని నాలుగు పాయింట్లుగా రాశాను. తొట్టి ముందు నిలబడ్డాక అర్థమైంది, ఆ నాలుగు పాయింట్లలో ఎక్కడా నీళ్ళు లేవు. ఎవరికీ ముక్కులోకి నీళ్ళు పోలేదు. ఎవరి చెల్లెలూ తువ్వాలు పట్టుకుని నిలబడలేదు.

పాస్టరు గారు అక్క వీపు కింద చెయ్యి వేశాడు. అక్క వెనక్కి వాలి మునిగింది. రెప్పపాటే. లేచిన అక్క ముఖం మీది నీళ్ళు తుడుచుకోకుండానే నాకోసం చూసింది. ముందుకు పోయి తువ్వాలు ఇచ్చాను.

"చలేస్తాంది" అంది. అంతే.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి పోయాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏమ్మా, టికెట్ లేదా?" అని అడిగాడు.

మాది మగ్గం ఇల్లు. ధర్మవరంలో ముందు గదంతా మగ్గమే, మనుషులం దాని చుట్టూ సర్దుకుంటాం. నాయన నేస్తాడు, అమ్మ కండెలకు దారం చుడుతుంది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఇద్దరికీ పనులు చెబుతుంది. అవ్వ నాయనకు అమ్మ. తాత పోయినప్పటి నుంచి ఆమె తెల్ల నూలుచీర తప్ప వేరేది కట్టలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఈ ఇంటి ఆడపిల్లకు పెళ్ళిచీర కొనరు, ఈ మగ్గం మీదే నేస్తారు. మేనత్తలకు తాత నేశాడు. అమ్మ ఈ ఇంటికి కోడలుగా రావలసిన పిల్ల కాబట్టి ఆమె పెళ్ళిచీర నాయనే నేశాడట, ఆ సంగతి తలచుకుంటే అమ్మ ఇప్పటికీ సిగ్గుపడుతుంది. మా అక్కకు ఎరుపు మీద ఆకుపచ్చ అంచు వెయ్యాలని అక్క పదో తరగతిలో ఉన్నప్పుడే నాయన అనుకున్నాడు.

అక్క పెళ్ళి సంగతి బయటపెట్టినప్పుడు నాయన అరవలేదు. అమ్మ ఏడ్చింది, అవ్వ తిట్టింది. నాయన మగ్గం గుంతలో నుంచి లేవకుండానే విన్నాడు. చర్చిలో పెళ్ళి, తెల్ల పట్టుచీర అని అక్క చెప్పాక మాత్రం అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టేశాడు.

"పెండ్లి చేసుకో. అడ్డం రాను. నా మగ్గం మింద తెల్లపడుగు మాత్రం ఎక్కదు."

పడుగంటే మగ్గం మీద పొడుగ్గా పరిచే పోగులు, ఒక పడుగుకు మూడు నాలుగు చీరలు దిగుతాయి. చీర రంగు అక్కడే తేలిపోతుంది. మా వీధిలో పెళ్ళికూతురి కోసం తెల్ల పడుగు ఎవరూ ఎక్కించి ఉండరు. తెలుపంటే అవ్వ కట్టుకునేది.

తర్వాత అక్క నాకు ఫోన్ చేసింది. నేను కాలేజీ స్టాఫ్ రూమ్ బయట మెట్ల కింద నిలబడి మాట్లాడాను.

"షాపులో తెల్లచీరలు కావలసినన్ని ఉండాయి. ఆయన వాళ్లమ్మ తెస్తానంటాంది. నాకొద్దే. నాయన నేసిన చీర కట్టుకోకుండా పోతే నేను ఆ ఇంటి నుంచి పెండ్లయి పోయినట్ల కాదు. లేచిపోయినట్ల."

"నాయన నేయనన్నాడు కదక్కా."

"నువ్వు చెప్పు."

"నేనా?"

"మళ్ళా క్లాసులో అంతమందికి ఎట్ల చెప్తాండావే!"

క్లాసులో ఎలా చెబుతున్నానో అక్కకు తెలీదు. బోర్డు వైపు తిరిగి చెబుతాను. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చెబుతాను. ఆ నెలంతా సిలబస్‌లో మతాలూ రాజ్యాలూ మారడమే ఉంది. రోమ్ పడిపోయిన తర్వాతి యూరప్, ఆ తర్వాత పశ్చిమాసియా. ఫ్రాంకుల రాజు పాఠం రోజు, పరిగి నుంచి వచ్చే అమ్మాయి లేచి అడిగింది.

"మేడం, రాజు మునిగితే సైన్యమంతా ఏంటికి మునగల్ల మేడం?"

నేను సమాధానం కూడబలుక్కునే లోపే వెనక బెంచీ అబ్బాయి అందుకున్నాడు. "ఎమ్మెల్యే పార్టీ మారితే వాళ్ల మనుషులంతా కండువాలు మార్చుకోరా? అట్లనే!"

క్లాసు గొల్లుమంది. ఆ అమ్మాయి కూర్చోలేదు. "కండువా అయితే ఇంటికి పోయి మేకుకు తగిలించొచ్చు. మునిగిన నీళ్ళు ఎట్ల తీసి తగిలిస్తావప్పా?"

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పాఠ్యపుస్తకం "ప్రజలు రాజును అనుసరించారు" అని ముందుకు పోతుంది. అనుసరించడమంటే ఏమిటి? తెల్లవారి లేచి ఏం చేశారు? పొయ్యి ముట్టించేటప్పుడు ఏ దేవుడి పేరు నోట్లో నుంచి వచ్చింది? లైబ్రరీలో, ఫోనులో, దొరికినవన్నీ చదివాను. ఇంగ్లండులో తూర్పు వైపు ఒక చిన్న రాజు బాప్తిస్మం తీసుకుని ఇంటికి పోతే భార్య ఊరుకోలేదట. ఒకే గుడిలో కొత్త దేవుడికి ఒక పీఠం, పాత దేవుళ్ళకు ఇంకొకటి పెట్టుకున్నాడట. దాన్ని రాసిన సన్యాసి ఆ రాజును తిడుతూ రాశాడు. నాకు తిట్టాలనిపించలేదు. ఆ ఇంట్లో ఎంత గొడవ జరిగి ఉంటే అక్కడికి వచ్చి ఆగి ఉంటుంది!

పశ్చిమాసియా కథ ఇంకో రకం. అక్కడ పాలకులు ముందు మారారు, జనం వెంటనే మారలేదు. అరబ్బులు సిరియాను గెలిచాక కూడా అక్కడి ఊళ్ళు తరాల పాటు క్రైస్తవంలోనే ఉన్నాయి. డమాస్కస్‌లో కొన్నేళ్ళు ఒకే ఆవరణలో ఒక పక్క చర్చి, ఒక పక్క నమాజు నడిచాయని చెబుతారు. పర్షియాలో రాజవంశం పోయినా అగ్నిగుళ్ళు ఆరిపోలేదు. కొడుకు మారి ఉంటాడు, తల్లి మారి ఉండదు. ఒకే గడప. ఇవి చెబుతున్నప్పుడు నా గొంతు పెరిగిందని నాకే ఆలస్యంగా తెలిసింది. వెనక బెంచీ అబ్బాయి కూడా ఫోను లోపల పెట్టాడు.

ఉత్తర యూరప్‌లో సముద్రం ఒడ్డునున్న ఫ్రీసియా నాయకుడి కథ ఆ రోజే చెప్పాను. నిజమో కల్పనో గాని పాతకాలం నుంచి ఉన్న కథ. ఆ నాయకుడు బాప్తిస్మానికి ఒప్పుకుని ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. పెట్టి, మతగురువును అడిగాడు: చచ్చిపోయిన మా పెద్దలంతా ఎక్కడున్నారు? నరకంలో, అన్నాడు గురువు. నాయకుడు కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను మా వాళ్ళ దగ్గరే ఉంటాను, అన్నాడు.

క్లాసు అయ్యాక నేను బస్టాండు దాటి నడుస్తూ, పట్టుగూళ్ళ మార్కెట్టు వాసన మీదుగా స్టేషనుకు పోతూ, రైలెక్కి కూడా, ఆ కాలి గురించే ఆలోచించాను. మా అక్క రెండు కాళ్ళూ పెట్టింది. ఆమె ఆ ప్రశ్న అడిగిందా? అడిగితే పాస్టరు గారు ఏమన్నాడు?

ఆ ప్రశ్న అవ్వ అడిగింది.

అక్క సెలవు పెట్టి ఇంటికొచ్చిన రోజది. వచ్చీరాగానే నాయన ముందు కూర్చుంది. నాయన నేత ఆపలేదు. నేను గుమ్మం దగ్గర అమ్మకు కండెలు అందిస్తున్నాను.

"నాయనా, ఒక్క చీర."

"పడుగేస్తే ఒక్క చీరతో అయిపోతాదా? మిగిలిన తెల్లచీరలు ఎవురికి? మీ అవ్వకా?"

"నన్నేంటికి లాగుతావురా మధ్యలో" అంది అవ్వ. అక్క వైపు తిరిగింది. "ఏమే, నేను కట్టుకున్న రంగు పెండ్లికూతురు కట్టుకుంటాదా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"మాకు తెలుపంటే మళ్ళా కొత్తగా పుట్టినట్టు అవ్వా."

"మాకంటే ఎవురికే? అప్పుడే మీకూ మాకూ అయిపోయిందా!"

అక్క నాలుక కరుచుకుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అవ్వ ఊరుకోలేదు. గోడకు ఆనుకున్నది ముందుకు జరిగి కూర్చుంది.

"సరే. ఇది చెప్పు. రేపు నేను సచ్చినాక యాడికి పోతాను? నువ్వు సచ్చినాక యాడికి పోతావు? మీ తాత యాడుండాడు?"

నాయన నాడె ఆగింది. ఆ గురువు చెప్పిన సమాధానం నాకు తెలుసు. అక్క కూడా అదే చెబుతుందేమో, చెబితే ఈ గదిలో ఇంక ఏమీ మిగలదు. చేతిలో కండె జారి మగ్గం కిందికి దొర్లింది. వంగి తీసుకోలేదు.

అక్క వంగి ఆ కండె తీసి అమ్మకిచ్చింది.

"తెలీదవ్వా" అంది చివరికి. "పాస్టరు గారిని అడగలే. అడగను కూడా."

"ఏంటికి అడగవు?"

"ఆయన ఏమన్నా చెప్తే నేను ఇనల్ల కదా. తాత గురించి నేను ఒకరి కాడ ఇనను."

అవ్వ ఆమెనే చూసింది. తర్వాత మజ్జిగ కలపమని నన్ను కేకేసింది. అక్క సాయంత్రం బండికి పెనుకొండ పోయింది.

మరుసటి రోజు పొద్దున నాయన మగ్గం ముందు కూర్చోబోతుంటే అవ్వ అంది, "పడుగెయ్ రా."

"ఏం పడుగు?"

"అది అడిగిందే."

"నా చేత్తో తెల్లచీర నేసి నా బిడ్డ మిందెయ్యల్లనా?"

"నేను తెలుపు కట్టింది మీ నాయన పోయినందుకు. దానికేం పోయిందిరా? బంగారట్లా పిల్ల."

నాయన బయటికి పోయి టీ తాగి వచ్చాడు. మళ్ళీ పోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని వీధి చివరి దాకా నడిచి తిరిగి వచ్చాడు. నేను రైలుకు బయలుదేరుతుంటే ఆపాడు.

"నువ్వు చదివినావు కదమ్మా. ఆ దేశాల్లో మొదట్నుంచీ తెల్లవేనా?"

నాయన నన్ను చదువు గురించి ఏదైనా అడగడం అదే మొదలు. తడబడుతూ చెప్పాను. అక్కడ కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తెల్లబట్టలు కట్టుకునేవాళ్ళు, వారం రోజులు కట్టుకుని తీసేసేవాళ్ళు.

"వారమేనా?" నాయన ముఖం కొంచెం తేలికపడింది. "పట్టా, నూలా?"

"మామూలోళ్ళకి నారబట్ట నాయనా. పట్టు రాజులకీ, చర్చి పెద్దలకీ. అప్పుడు వాళ్ళకి పట్టు చెయ్యడం తెలీదు. పర్షియా వాళ్ళ దగ్గర కొనాలి. వాళ్ళతో ఎప్పుడూ యుద్ధమే. అందుకని కొందరు సన్యాసులు తూర్పుకు పోయి పట్టుపురుగు గుడ్లు దొంగతనంగా తెచ్చి రోము చక్రవర్తికిచ్చినారంట. చేతికర్రలు తొలిచి అందులో దాచుకుని తెచ్చారని కూడా చెప్తారు."

నాయన నవ్వాడు. ఎన్నో వారాల తర్వాత నవ్వాడు. "దొంగ సన్యాసులు! హిందూపురం గూళ్ళ మార్కెట్లో అట్ల దొరికితే కాళ్ళిరగ్గొడతారు."

ఆ రోజు రైలు తప్పిపోయింది. బస్సులో నిలబడి పోయాను.

తెల్ల పడుగు వచ్చింది. కొత్త పడుగును మగ్గానికి ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలు కోసి పారెయ్యరు. పాత పోగు కొసకు కొత్త పోగు, ఒక్కొక్కటే, వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. అంతకు ముందు మగ్గం మీద ఉన్నది ఎరుపు. నాయన, అమ్మ ఎదురెదురుగా కూర్చుని ఎర్ర పోగుల కొసలకు తెల్ల పోగులు అతికారు. వేలకొద్దీ పోగులు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాళ్ళు అలాగే వంగి ఉన్నారు, పోయేటప్పుడు ఎలా ఉన్నారో అలాగే. మగ్గం ఇవతల ఎరుపు, అవతల తెలుపు. దాని పక్కనుంచే నడవాలి. తగలకుండా గోడకు ఆనుకుని పోయేదాన్ని.

ఎరుపు దాటి తెలుపు మొదలైన రోజు పక్కింటి పెద్దాయన ఎప్పటిలాగే పేపరు చేతిలో పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమప్పా, ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదు."

"మరి ఈ తెలుపేందబ్బా?"

"పెద్దదాని పెండ్లిచీర."

"తెల్లగానా?"

"తెల్లగానే."

పెద్దాయన కాసేపు నిలబడ్డాడు. కూర్చోమని నాయన అనలేదు, ఆయన కూర్చోలేదు. పేపరు కూడా ఇవ్వకుండా పోయాడు. ఆ తర్వాత మా గుమ్మం ముందు నుంచి పోయే వాళ్ళందరూ ఒకసారి లోపలికి చూసి పోయేవాళ్ళు. నాయన తల ఎత్తేవాడు కాదు. వెండి జరీతో సన్న అంచు వేశాడు. కొంగులో మామిడి పిందెలు వేశాడు, తెలుపు మీద తెలుపు, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే తప్ప కనపడవు. ఎవరూ అడగలేదు అవి.

చీర మగ్గం దిగిన రోజు పెళ్ళికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. మరునాడు పొద్దున నేనే తీసుకుపోయి పెనుకొండలో ఇవ్వాలి. పెళ్ళికి ముందు పెళ్ళిబట్టలన్నీ పెళ్ళికొడుకు ఇంట్లో పెట్టి ప్రార్థన చేస్తారట. నాయన చీరను నేల మీద దుప్పటి పరిచి మడత పెట్టాడు. అమ్మ ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ దానినే చూస్తూ ఉన్నారు. నేనూ చూస్తున్నాను. అవ్వ ఎప్పుడు లేచిందో, వంటింట్లోకి ఎప్పుడు పోయిందో ఎవరమూ గమనించలేదు.

వచ్చి, వంగి, వేలితో చీర కొసకు పసుపు పెట్టింది.

మా ఇంట్లో కొత్తబట్ట ఏదైనా పసుపు పెట్టకుండా ఒంటి మీదికి పోదు. చిన్నపిల్ల గౌను అయినా, నాయన లుంగీ అయినా. అవ్వ చెయ్యి దానికదే పోయింది. తెల్లటి పట్టు మీద తడి పసుపు, బొటనవేలంత.

"అమ్మా!" అన్నాడు నాయన.

అవ్వ తన వేలి వైపు చూసుకుంది. "అయ్యో. అయ్యో, నా చెయ్యి ఇరగ."

పెళ్ళికొడుకు వాళ్ళు పసుపు, కుంకుమ ముట్టరని అక్క ముందే చెప్పి ఉంది. తనకు కాబోయే అత్త ఆ విషయంలో గట్టిమనిషనీ చెప్పి ఉంది. అమ్మ తడిగుడ్డ తెచ్చింది, నాయన వద్దన్నాడు, తుడిస్తే ఇంకా పాకుతుంది. ఇంకో చీర నేసే టైము లేదు. నాయన గుంత అంచు మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"షాపులో కొనుక్కోమను" అన్నాడు. "చెప్పు దానికి. మన వల్ల కాలేదని చెప్పు."

"నేను తీసకపోతా నాయనా" అన్నాను. నా నోట్లో నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలీదు.

రైల్లో చీర సంచిని ఒడిలో పెట్టుకున్నాను. ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. ఆ కాలంలో రోము నుంచి పోపు, ఇంగ్లండుకు పోయిన తన మనుషులకు ఒక కబురు పంపాడు: వాళ్ళ పాత గుళ్ళను పగలగొట్టకండి, విగ్రహాలు తీసేసి, నీళ్ళు చల్లి, అక్కడే ప్రార్థన మొదలుపెట్టండి, అలవాటైన చోటికైతే జనం భయపడకుండా వస్తారు. ఇది చెప్పాలి. ఒక పెద్ద మతగురువే ఒప్పుకున్నాడని చెప్పాలి. వాక్యాలు సరిచేసుకుంటూ పోయాను. దిగేసరికి విగ్రహాలు తీసెయ్యమన్నాడు కదా అని గుర్తొచ్చింది. అది వాళ్ళ పక్షం సాక్ష్యమే అవుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి, వెనక్కి పోయే రైలు ఎప్పుడుందో బోర్డు మీద చూశాను.

అక్క స్టేషనుకు వచ్చింది. ఆటోలో పెళ్ళికొడుకు వాళ్ళ ఊరికి తీసుకుపోయింది. నేను చీర గురించి ఆటోలో చెప్పలేకపోయాను. ఆమె అంత సంతోషంగా సంచిని తడుముతూ ఉంది.

అత్త అరుగు మీద చాప పరిచింది. లావుపాటి మనిషి, చేతులకు గాజులు లేవు, మాట పెద్దది. సంచిలో నుంచి చీర తీసి విప్పింది. "అబ్బ!" అంది. కొంగు ఎండకు ఎత్తి పట్టింది, పిందెలు చూసింది. అక్క ఏడ్చేసింది. అత్త చీరను తిరగేసుకుంటూ పోయి కొస దగ్గర ఆగింది.

"ఇదేంది?"

అక్క నావైపు చూసింది.

"ఎవురు పెట్టినారు?"

"మా అవ్వ" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"తెలిసి పెట్టిందా, తెలీక పెట్టిందా?"

రైల్లో తయారు చేసుకున్నది ఒక్కటీ పనికి రాలేదు. "చెయ్యి పోయిందత్తా" అన్నాను. "రోజూ పోయినట్లే పోయింది."

ఆమె లోపలికి పోయింది. ఎవరికో చెప్పి షాపు చీర తెప్పిస్తుందనుకున్నాను. ఆమె చెంబుతో నీళ్ళూ, సబ్బుబిళ్ళా తెచ్చింది.

"సబ్బు వద్దత్తా!" అని అక్క అరిచే లోపే రుద్దేసింది.

పసుపు ఎర్రగా మారింది. కుంకుమ పెట్టినంత ఎర్రగా.

అత్త సబ్బు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు ఎవరు నవ్వారో తెలీదు, అత్తే అనుకుంటాను. ఆ పెద్ద ఒళ్ళంతా కదిలేలా నవ్వింది.

"పసుపు పోతాదంటే బొట్టయ్యింది కదే! ఇంగ నేను ముట్టను తల్లీ, ముడితే ఏమయితాదో!"

కొసను పిండి, గాలికి ఆరేసింది. ఆరాక చూసి, "ఇది నడుము కాడ లోపలికి దోపే కొస. చీర మీ నాయన నేసింది, ఇదే కడతాది" అంది. ఇంక దాని గురించి మాట్లాడనివ్వలేదు.

పెళ్ళికి నాయన వస్తాడో రాడో చివరిదాకా మాకు తెలీదు. అవ్వ రానంది. పొద్దున అమ్మా నేనూ తయారై బయట నిలబడితే నాయన ఇస్త్రీ చొక్కాతో బయటికి వచ్చాడు. చర్చిలో చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. అందరూ లేచినప్పుడు లేచాడు, కూర్చున్నప్పుడు కూర్చున్నాడు. అక్క నడిచి వస్తున్నప్పుడు ఆమె ముఖం చూడలేదు, చీర చూశాడు. కుచ్చిళ్ళ దగ్గరి నుంచి కొంగు దాకా చూశాడు. కిటికీ వెలుతురు పడి పిందెలు కనిపించినప్పుడు తల తిప్పుకున్నాడు.

ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద భోజనాలు. అత్త స్వయంగా వచ్చి నాయనను పిలిచింది. "రాండన్నా, కూర్చోండి." నాయన చేతులు జోడించాడు. తలనొప్పి అన్నాడు. రైలు టైమవుతోంది అన్నాడు. పెళ్ళికొడుకు వచ్చి పిలిచాడు, వాళ్ళ బంధువులు పిలిచారు. నాయన గేటు దగ్గరికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ ఆయన వెనకే పోయింది. నేను షామియానాకూ గేటుకూ మధ్య నిలబడిపోయాను. ఎటు అడుగు వేసినా ఎవరో ఒకరిని వదిలేసినట్టే ఉంది.

అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. గేటు వైపు చూసింది. నాయన వీపు కనిపిస్తోంది. నా చెయ్యి పట్టుకుని వరుస చివర ఖాళీగా ఉన్న కుర్చీ దగ్గరికి తీసుకుపోయింది. ఆకు ముందు కూర్చోబెట్టి, నా భుజం మీద చెయ్యి అలాగే ఉంచి అంది:

"నాయన తినలే. నువ్వన్నా తిని పో."